ఒక అల – వేల బొమ్మలు



పోయిన గోడపత్రిక ఏమయిందో మీకు తెలుసు. రాత్రి జల్లు కొట్టింది, పొద్దున చూస్తే సిరా అంతా కారిపోయి ఉంది. మూడు రోజులు కూర్చుని వేసిన బొమ్మలు పోయాయి. మళ్ళీ వెయ్యమంటే అదే బొమ్మ రాదు కదా! అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన, ఒక్క బొమ్మని చాలా బొమ్మలు చెయ్యడం ఎలాగా అని. జపాన్ దేశం వాళ్ళు చెక్కతో ఈ పని చేసేవారు. అందులో పేరుపడిన బొమ్మ ఒకటి చెబుతాను.

దాన్ని వేసింది హొకుసాయ్ (1760–1849). సుమారు 1831లో అచ్చయింది. కనగావా దగ్గర సముద్రంలో పెద్ద అల లేచింది. దాని కింద మూడు పడవలు. పడవవాళ్ళు తెడ్ల మీదకి వంగిపోయి ఉన్నారు. దూరంగా ఫ్యూజీ కొండ. దాని ఎత్తు 3,776 మీటర్లు, కానీ బొమ్మలో అల ముందు చిన్న దిబ్బలా ఉంటుంది. మనలో సముద్రం చూడనివాళ్ళు చాలామంది. నేనూ చూడలేదు. అయినా ఆ బొమ్మ చూస్తే భయం వేసింది.

ఇప్పుడు పని సంగతి. హొకుసాయ్ పల్చటి కాగితం మీద గీతలు గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క మీద అంటిస్తాడు. ఎందుకు బోర్లించడం? వార్డెన్ సారు రబ్బరు ముద్ర చూడండి, దాని మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి, కాగితం మీద సరిగ్గా పడతాయి. ఇదీ అంతే. తర్వాత కాగితంతో సహా చెక్కేస్తాడు. గీత ఉన్నచోట ఉంచి, మిగతాది ఉలితో తీసెయ్యాలి. అంటే అసలు బొమ్మ ఆ చెక్కడంలోనే పోతుందన్నమాట! ఉలి ఒక్కసారి జారితే మళ్ళీ చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఆ అల అంచున గోళ్ళలాగా నురుగు ఉంటుంది. ఒక్కొక్క గోటికి రెండు పక్కలా చెక్క తియ్యాలి. నాకైతే వేసినవాడికన్నా చెక్కినవాడే గొప్పవాడనిపిస్తుంది.

ఇది గీతల చెక్క. దీనితో కొన్ని కాగితాలు అచ్చు తీసి, వాటిని చూసి రంగులకి వేరే చెక్కలు చెక్కుతారు. రంగు పక్కకి జరగకుండా ప్రతి చెక్కకీ మూలన ఒక గాడి, అంచున ఒక గాడి పెడతారు. కాగితం ఎప్పుడూ ఆ గాళ్ళలోనే ఆనించాలి.

అచ్చు వేసేవాడు వేరే. చెక్క మీద రంగు, కొంచెం బియ్యం జిగురు వేసి బ్రష్షుతో రుద్దుతాడు. తడిపిన కాగితం పరుస్తాడు. ఆ కాగితం మల్బరీ జాతి చెట్టు నారతో చేసింది, తడిసినా తొందరగా చిరగదు. దాని వీపు మీద గుండ్రటి బిళ్ళతో రుద్దుతాడు. ఆ బిళ్ళకి తొడుగు ఏమిటో తెలుసా? వెదురు కొమ్ముకి ఉండే పట్ట! మన అడవిలో రాలి పడి ఉంటుంది చూడండి, అలాంటిదే. అచ్చుకి యంత్రం లేదు, చేతి బలమే.

ఈ బొమ్మలో గీతలు కూడా నలుపు కాదు, నీలం. ఆ నీలాల్లో ఒకటి జర్మనీలో పుట్టిన ప్రష్యన్ నీలం. ఓడల్లో జపాన్ చేరింది.

అలా వేలకొద్దీ ప్రతులు తీసి మామూలు జనానికి చవకగా అమ్మారు. 2024లో వచ్చిన జపాన్ వెయ్యి యెన్ నోటు వెనక కూడా ఇదే అల. బొమ్మ ఎడమ పక్క పైన హొకుసాయ్ సంతకం ఉంటుంది. చెక్కినవాడి పేరు గానీ, రుద్దినవాడి పేరు గానీ బొమ్మ మీద లేవు.

ఇంకొకటి. రుద్ది రుద్ది చెక్క కూడా అరిగిపోతుంది. బొమ్మ పేరు చుట్టూ ఒక గడి ఉంటుంది. ఆ గడి గీత తెగి కనిపిస్తే అది తర్వాత తీసిన ప్రతి. తెగకుండా నిండుగా ఉంటే, చెక్క కొత్తగా ఉన్నప్పుడు తీసింది.