చెరకు బకాయి: మిల్లుకు వడ్డీలేని అప్పు

‘‘బ్యాంకు డబ్బు విడుదల చేయలేదు, అందుకే బిల్లులు ఆగాయి.’’ బకాయిలు అడగడానికి చెరకు మిల్లు గేటు ముందు నిలబడితే యాజమాన్యం చెప్పే మాట ఇదే. ఈ మాట లోగుట్టు రైతులూ కూలీలూ తెలుసుకోవాలి.

చక్కెర మిల్లు ఏడాదిలో నాలుగైదు నెలలే ఆడుతుంది. నరికిన చెరకు వెంటనే మిల్లులో పడాలి, లేదంటే ఎండిపోయి తూకం, చక్కెర రెండూ తగ్గుతాయి. అంటే ఏడాది సరుకంతా ఆ కొద్ది నెలల్లోనే కొనాలి. చక్కెర మాత్రం ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా అమ్ముడవుతుంది. ఏ మిల్లు నెలకెంత అమ్మాలో 2018 జూన్ నుంచి కేంద్రమే కోటా కట్టడం మొదలెట్టింది. కొన్న రోజుకూ అమ్మిన రోజుకూ మధ్య మిల్లును నడిపే సొమ్మునే వర్కింగ్ క్యాపిటల్ అంటారు.

ఇందులో పెద్దభాగం బ్యాంకు ఇస్తుంది. ఊరికే ఇవ్వదు. గోడౌన్లో బస్తాలు తాకట్టు పెట్టించుకుని తాళం తన చేతిలో ఉంచుకుంటుంది. సరుకు విలువలో కొంత మినహాయించి మిగతాదానికే అప్పిస్తుంది. ఆ మినహాయించిన భాగం యాజమాన్యం తన జేబులోంచి పెట్టాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. జేబులోంచి తీసే బదులు రైతు బిల్లు ఆపితే సరిపోతుంది కదా! బ్యాంకు అప్పుకు తాకట్టు ఉంది, వడ్డీ ఉంది, గడువు ఉంది. రైతు చేతిలో ఉన్నది కాటా చీటీ.

చట్టం లేకపోలేదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే ఏడాదికి నూటికి 15 వంతున వడ్డీ కట్టాలి. 2024-25 సీజనుకు రికవరీ 9.5 శాతం లోపున్న మిల్లులకు కేంద్రం కట్టిన ధర క్వింటాలుకు 315 రూపాయల 10 పైసలు. 40 టన్నులు తోలిన రైతుకు రావలసింది 1,26,040 రూపాయలు. గడువు మీద ఆర్నెల్లు ఆపితే వడ్డీయే 9,453 రూపాయలు. బకాయిలు తీర్చేశామని మిల్లు చాటుకునే రోజున ఈ తొమ్మిది వేల ఊసు ఎవరూ ఎత్తరు. అసలు చేతిలో పడితే చాలని మనవాళ్లూ ఇంటిదారి పడతారు.

అదే రైతు కోతకూలి ఇవ్వడానికి షావుకారు దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఏడాదికి 24 వంతున తెచ్చి మిల్లుకు ఉత్తపుణ్యానికి అప్పిస్తున్నాడన్నమాట. అప్పు పుట్టనివాడు కూలీతో ‘‘బిల్లు పడ్డాక చూద్దాంలే’’ అంటాడు. టన్నుల లెక్కన నరికి, మోపు కట్టి, బండికెత్తిన ఆలుమగలు ఉత్తచేతులతో ఊరికి పోతారు. మిల్లుకు అందరికంటే కింద నిలబడి అప్పిచ్చింది వీళ్లే. ఆ ఉత్తర్వులో వీళ్ల కూలి మాటే లేదు.

బకాయిని వడ్డీతో సహా భూమిశిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయించే వీలు అదే ఉత్తర్వులో ఉంది. కాబట్టి కాటా చీటీలు పారేయొద్దు. అర్జీలో తేదీలవారీగా వడ్డీ లెక్క కట్టి రాయండి. ఉత్తరప్రదేశ్‌లో చక్కెర అమ్మిన సొమ్ములో 85 శాతం చెరకు చెల్లింపులకే వేరు ఖాతాలో కట్టే పద్ధతి తెచ్చారు. మన తెలుగు జిల్లాల్లోనూ అది అడగాలి. ఇంకొక సంగతి. మిల్లు నుంచి వడ్డీ రాబట్టిన రైతు, తాను ఆపిన కోతకూలికీ వడ్డీ కట్టాలని రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి ఒకే తీర్మానంలో రాసుకోవాలి. కొందరు రైతు సోదరులకు ఇది మింగుడుపడదు. సీజను మొదలుకాక ముందే కూర్చుని తేల్చుకుందాం.