క్లోమంలో కణితి: పాత శస్త్రచికిత్సను వైద్యునికి తెలుపండి

ట్రస్టు ఉచిత వైద్య శిబిరంలో జీర్ణకోశ వైద్యునిగా నేను చూసే భక్తులలో పలువురు ఎన్నడో నయమైన క్యాన్సర్ మాట ఎత్తరు. క్షేత్రంలో ఆ పేరు పలకడం అశుభమని కొందరి సంకోచం. పదేళ్లనాటి సంగతి ఇప్పుడెందుకని మరికొందరి భావన. క్లోమగ్రంథిలో కణితి కనబడినప్పుడు ఆ పాత సంగతే కీలకమవుతుంది.

క్లోమం జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. అందులోని క్యాన్సర్లలో అత్యధికం అక్కడే పుట్టినవి. కొన్ని మాత్రం మూత్రపిండం, ఊపిరితిత్తి, రొమ్ము, పెద్దపేగు వంటి అవయవాల నుండి వచ్చి చేరినవి. వీటిలో మూత్రపిండపు క్యాన్సర్ స్వభావం విచిత్రమైనది. ఆ మూత్రపిండాన్ని తొలగించి పది సంవత్సరాలు దాటిన తరువాత కూడా అది క్లోమంలో తలెత్తవచ్చును.

అల్ట్రాసౌండ్ తరంగాలు వాయువు గుండా సరిగా ప్రసరించలేవు. కనుక పొట్టపై నుండి చేసే సాధారణ అల్ట్రాసౌండ్‌కు పేగులలోని వాయువు అడ్డుపడి క్లోమం తరచు సరిగా కనబడదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో, కొనన చిన్న అల్ట్రాసౌండ్ పరికరం గల గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోనికి పంపుతాము. అక్కడి నుండి క్లోమం గోడ అవతలనే ఉంటుంది. సి.టి. స్కాన్‌కు అందని చిన్న కణితులు సైతం దీనిలో కనబడగలవు. వ్యాపించి వచ్చిన కణితి తరచు గుండ్రంగా, స్పష్టమైన అంచులతో ఉంటుంది. మూత్రపిండం నుండి వచ్చినదైతే దానిలో రక్తప్రసరణ అధికం. అయినను రూపాన్ని మాత్రమే చూచి నేను నిర్ణయం చెప్పను. వేరే రకపు కణితులూ అలాగే కనబడతాయి. ఆ గొట్టం గుండానే సూదిని పంపి కణజాలం తీసి, ప్రయోగశాలలో ప్రత్యేక పరీక్షలు జరిపిన పిదపనే మూలం తేలుతుంది. ఏ పరీక్షలు జరపాలో నిర్ణయించడానికి పాత వ్యాధి వివరం అవసరం.

క్లోమ క్యాన్సర్ అనగానే ఆశ వదలుకొనే కుటుంబాలను చూశాను. మూత్రపిండం నుండి వచ్చినదైతే మందులు వేరు. ఒకే కణితి ఉన్నప్పుడు శస్త్రచికిత్సతో తొలగించుకొని అనేక సంవత్సరాలు జీవించినవారు ఉన్నారు.

పరీక్షకు ముందు సుమారు ఆరు గంటలు ఆహారం తీసుకోరాదు. ప్రసాదమూ ఆహారమే! మత్తు పూర్తిగా దిగి, వైద్యుడు అనుమతించిన తరువాత స్వీకరించవచ్చును. రక్తం పలుచబడే మందులు, మధుమేహపు మందులు వాడేవారు ముందే తెలుపాలి. వాటిని స్వయంగా ఆపరాదు. సూది వలన రక్తస్రావం, క్లోమపు వాపు కలుగవచ్చును గాని, అవి అరుదు.

శిబిరానికి వచ్చేటప్పుడు పాత డిశ్చార్జి పత్రం, బయాప్సీ నివేదిక తీసుకొని రండి. అవి లభించనిచో ఏ అవయవానికి, ఏ సంవత్సరంలో, ఏ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినదో చెప్పండి.