ఎముక అరిగిన దవడలో పన్ను నిలుస్తుందా?

పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని మన పెద్దలు నవ్వుతూ అంటూ ఉంటారు. ఆ నవ్వు వెనుక ఎంత బాధ ఉన్నదో అనుభవించినవారికే తెలుసు. పెళ్ళి పంక్తిలో అందరూ గారెలు, అప్పడాలు తింటూ ఉంటే, మెత్తగా కలిపిన పెరుగన్నంతో సరిపెట్టుకొని లేచే తాతగారిని మనం చూడకపోలేదు. నలుగురిలో నోరు విప్పితే కింది పళ్ళ సెట్టు ఎక్కడ జారిపోతుందో అని పెదవులు బిగించి కూర్చునే అమ్మమ్మగారిని కూడా ఎరుగుదుము. ఇటువంటివారు ఇంప్లాంట్లను గురించి విని, ఎంతో ఆశతో దంతవైద్యుని వద్దకు వెళ్తారు. ఎక్స్‌రే చూసి ఆయన, "పన్ను నిలవడానికి ఎముక లేదండీ" అంటాడు. ఇక తమ బ్రతుకింతే అనుకొని వారు ఇంటిదారి పడతారు.

ఆ మాటే తుది తీర్పా? ఎంతమాత్రం కాదు. ఎముక బాగా అరిగిన దవడకు సైతం నేడు మార్గాలున్నాయి. అయితే అవి ఒకటి రెండు కావు. అన్నీ అందరికీ తగినవీ కావు. ఎవరి దవడలో ఎముక ఎక్కడ మిగిలి ఉన్నదో, వారి అవసరం ఎంతో గుర్తించి ఎంచుకోవడంలోనే వివేకం ఉన్నది.

ఎముక ఎందుకు అరుగుతుంది?

పంటిని పట్టి నిలిపేది దవడ ఎముక. ఆ ఎముకను నిలిపేది కూడా పన్నే. నమిలినప్పుడల్లా పంటి వేరు ద్వారా కలిగే ఒత్తిడి ఎముకకు ఒక విధమైన వ్యాయామం. పన్ను పోయిన మరుక్షణం నుంచి ఆ వ్యాయామం ఆగిపోతుంది. శరీరం ఆ ఎముకను క్రమంగా కరిగించుకుంటుంది. పన్ను తీయించిన ఏడాదిలోపే అక్కడి ఎముక వెడల్పు సుమారు సగం తగ్గిపోవచ్చు. అందులో అధికభాగం మొదటి మూడు నెలలలోనే జరుగుతుంది.

కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారిని 25 సంవత్సరాలపాటు గమనించిన ఆంట్యే తాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో తన ఫలితాలను ప్రకటించింది. పై దవడ కంటే కింది దవడ ముందుభాగం సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని ఆమె కనుగొన్నది. కింది సెట్టే మొదట వదులు కావడానికి ఇది ఒక కారణం. దానికి ఆనుకొనే చోటు తక్కువ. పైగా నాలుక కదలిక దానిని నెడుతూనే ఉంటుంది.

పయోరియా వలన, ప్రమాదాల వలన, నోటి క్యాన్సరు శస్త్రచికిత్సల వలన కూడా ఎముక పోతుంది. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ వెంట బ్లాక్ ఫంగస్ వ్యాధి మన దేశంలో వేలాదిమందికి సోకింది. ప్రాణం నిలపడానికి వారిలో అనేకులకు పై దవడ ఎముకను కొంతగానో పూర్తిగానో తొలగించవలసి వచ్చింది. అంతవరకు వృద్ధుల సమస్యగా తోచినది ఒక్కసారిగా నడివయసువారి సమస్య కూడా అయినది.

కుందేలు నేర్పిన పాఠం

ఈ చికిత్సకు మూలం అనుకోకుండా ఎదురైన ఒక సంఘటన. 1952లో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఎముకలోని రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చాడు. కొన్ని నెలల తరువాత దానిని తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని తనలో కలుపుకొన్నది. 1965లో గోటెన్‌బర్గ్ నగరంలో, పుట్టుకతోనే దవడ లోపం ఉన్న యోస్టా లార్సన్ అనే రోగికి ఆయన టైటానియం ఇంప్లాంట్లు అమర్చాడు. 2006లో లార్సన్ మరణించేవరకు, అంటే నాలుగు దశాబ్దాలకు పైగా, అవి ఆయనకు సేవ చేశాయి.

ఇంప్లాంట్ అంటే ఎముకలో బిగించే కృత్రిమ వేరు. ఎముక దానిని గట్టిగా పట్టుకుంటేనే పైన పన్ను నిలుస్తుంది. మరి పట్టుకోవడానికి ఎముకే చాలకపోతే?

ఉన్నదానితో సర్దుకొనే మార్గాలు

ఎంత అరిగినా కింది దవడ ముందుభాగంలో, అంటే గడ్డం ప్రాంతంలో, తరచు కొంత ఎముక మిగిలి ఉంటుంది. అక్కడ రెండే ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి టిచ్ బటన్ల వలె తగిలించవచ్చు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు ఈ పద్ధతినే మొదట పరిశీలించాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సూచించారు. సెట్టును రోజూ తీసి కడుక్కోవచ్చు. ఖర్చు కూడా మిగిలిన పద్ధతులకంటే తక్కువ.

పొట్టి ఇంప్లాంట్లు మరొక దారి. వెనుకభాగంలో ఎముక ఎత్తు చాలని చోట ఆరు మిల్లీమీటర్ల పొడవు గలవి కొందరికి సరిపోతాయి. ఇంకొక యుక్తిని లిస్బన్ నగరంలో పావులో మాలో అనే వైద్యుడు 1990లలో ప్రచారంలోకి తెచ్చాడు. ముందు రెండు ఇంప్లాంట్లు నిటారుగా, వెనుక రెండు ఏటవాలుగా వేస్తారు. ఆ వాలు వలన అవి అరిగిన చోటును తప్పించుకొని మంచి ఎముకను పట్టుకుంటాయి. ఆ నాలుగింటి మీద మొత్తం పళ్ళ వరుస కూర్చుంటుంది.

ఎముకను పెంచే మార్గాలు

పై దవడ వెనుక పళ్ళ పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోయాక అది కిందికి సాగి ఎముకను పలచన చేస్తుంది. దాని లోపలి పొరను మెల్లగా పైకెత్తి, ఆ ఖాళీలో ఎముక పొడిని నింపే పద్ధతి 1970లలో అమెరికాలో రూపొందింది. కింది దవడ వెనుకభాగం నుంచో, గడ్డం నుంచో, మరీ ఎక్కువ కావలసినప్పుడు తుంటి ఎముక నుంచో ముక్క తీసి అతకడం కూడా ఉన్నది. ఈ చికిత్సలలో ఓర్పు ప్రధానం. కొత్త ఎముక గట్టిపడడానికి సాధారణంగా నాలుగు నెలలు మొదలు తొమ్మిది నెలలవరకు వేచి ఉండవలసి వస్తుంది. ఎముక తీసిన చోట కూడా కొంతకాలం నొప్పి తప్పదు. అతికిన ఎముక కొంత మళ్ళీ కరగవచ్చు కూడా.

దూరపు ఎముకను ఆశ్రయించే మార్గం

పై దవడ బాగా అరిగినవారికి బ్రానెమార్కే చెంప ఎముకను ఆశ్రయించే ఇంప్లాంటును రూపొందించాడు. మామూలు ఇంప్లాంట్లు పదిపన్నెండు మిల్లీమీటర్లుంటే, ఇవి ముప్ఫై నుంచి యాభై మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. అతుకు ఎముక కోసం నెలల తరబడి ఆగనక్కరలేదు. కాని ఇవి కంటిగూటికి సమీపంగా, సైనస్ పక్కగా సాగుతాయి; సైనస్ వాపు రావచ్చు. చెయ్యి తిరిగిన శస్త్రవైద్యుడే చేయవలసిన పని ఇది. బ్లాక్ ఫంగస్ వలన దవడ కోల్పోయిన కొందరికి మన దేశంలో ఈ విధంగానే పళ్ళు అమర్చారు. సి.టి. స్కాన్ ఆధారంగా ఒక్కొక్కరి ముఖానికి తగినట్లు టైటానియం చట్రాన్ని ముద్రించి, ఎముకపై స్క్రూలతో బిగించే పద్ధతి కూడా ఉన్నది. దీర్ఘకాలపు అనుభవం దీనికి ఇంకా తక్కువ.

ఒప్పుకొనే ముందు

మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి చికిత్సను సూచించినప్పుడు కొన్ని ప్రశ్నలు వేయండి. త్రిపరిమాణ స్కాన్ తీశారా? కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నాడి సాగుతుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి తిమ్మిరెక్కి ఉండిపోవచ్చు. మధుమేహం అదుపులో ఉన్నదా? పొగాకు అలవాటు మానారా? ఎముకల బలానికి మందులు గాని, ఇంజెక్షన్లు గాని వాడుతున్నారా? దవడకు రేడియేషన్ ఇచ్చారా? వీటిని వైద్యుని వద్ద దాచరాదు. ఇంతకంటే చిన్న చికిత్సతో పని జరగదా అని అడగడానికీ సంకోచించరాదు. ఇంప్లాంటుకు పిప్పి పట్టదు గాని, శుభ్రం తప్పితే చుట్టూ ఉన్న చిగురూ ఎముకా చెడిపోతాయి.

ఇంకా పళ్ళు మిగిలి ఉన్నవారికి ఒక మాట. పన్ను తీయించక తప్పనప్పుడు, ఆ గుంటలో ఎముక నిలిపే ఉపాయమేదైనా ఉన్నదేమో ఆనాడే అడగండి. పోయిన ఎముకను తెచ్చుకోవడం కంటే ఉన్నదానిని కాపాడుకోవడం ఎప్పుడూ సులువు.

ఇక ఆ తాతగారి సంగతి. ఆయనకు కావలసినది సినిమా తారల పలువరుస కాదు. పంక్తిలో ఒక గారె కొరికి, పక్కవారితో నిస్సంకోచంగా నవ్వగలగడం. అందుకు రెండు ఇంప్లాంట్లు చాలవచ్చు, పెద్ద శస్త్రచికిత్సే కావలసి రావచ్చు, చక్కగా సరిచేసిన కట్టుడు పళ్ళే సరిపోవచ్చు. "ఎముక లేదు" అన్నారని వచ్చేయకుండా, "ఎక్కడ ఉన్నది?" అని ఆయన తరపున మరొకమారు అడగవలసినవారు ఇంట్లోని మనమే.