మీ క్రియాటినిన్ ఎంత?

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకావిడ గుడ్డసంచిలోంచి రెండు క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. జీడి అంటి వేళ్లన్నీ నల్లబడి ఉన్నాయి. "ఏటి బాబూ, అప్పుడు 2.1, ఇప్పుడు 2.6. పెరిగినట్టేనా?"

పెరిగినట్టే. కానీ ల్యాబ్ మారింది, మధ్యలో వారం రోజుల జ్వరం ఉంది. కిడ్నీ జబ్బు ముదురుతోందని ఈ రెండు కాగితాలతోనే తేల్చలేం. జబ్బుందని చెప్పడానికే తేడా మూడు నెలలు దాటి నిలవాలంటారు.

శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానంలో క్షేమసమాచారాల్లో క్రియాటినిన్ కూడా చేరిపోయింది. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా చాలామందికి షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకో ఇంకా తేలలేదు. ఆ అన్వేషణంతా అంకెల మీదే నడుస్తోంది, అంకెలన్నీ ఒక జాతివి కావు.

క్రియాటినిన్ కొలత. దశాంశాలతో ఎంత సన్నగానైనా చెప్పొచ్చు. జబ్బు దశ అలా కాదు: 1 నుంచి 5 వరకు మెట్లున్నాయి, మెట్ల ఎత్తులు సమానం కావు. ఊరి సగటు దశ 2.7 అంటే అర్థం లేదు. ఊరు, వృత్తి వట్టి పేర్లు, లెక్కపెట్టగలమే గానీ కూడలేం. కొలతను గీత గీసి రెండు ముక్కలు చేస్తే అది పథకమవుతుంది. క్రియాటినిన్ 5 దాటడం కిడ్నీ రోగుల పింఛనుకు ఒక అర్హత. ఒంట్లో 4.9కీ 5.1కీ పెద్ద తేడా ఉండదు, దరఖాస్తులో ఉంటుంది.

సగటు సంగతీ చూడాలి. అయిదుగురి క్రియాటినిన్ 0.8, 0.9, 1.0, 1.1, 8.2 అనుకోండి. సగటు 2.4. ఆ అయిదుగురిలో 2.4 దరిదాపుల్లో ఒక్కరూ లేరు. వరుసలో నడిమి మనిషిది 1.0. 8.2 ఉన్న ఒక్క రోగి నలుగురు ఆరోగ్యవంతుల్ని కాగితం మీద రోగుల్ని చేసేశాడు.

అసలు తిరకాసు శాతం దగ్గరుంది. వైద్య శిబిరానికి ముందు వచ్చేది కాళ్లు వాచినవాళ్లు, ఇంట్లో ఒకరిని పోగొట్టుకుని భయపడుతున్నవాళ్లు. అక్కడ తేలిన శాతాన్ని ఊరికంతటికీ అంటగడితే ఉద్దానం సగం మంచాన పడ్డట్టే కనిపిస్తుంది. అందుకే ఊళ్లనూ మనుషులనూ చీటీ వేసినట్టు ఎంచుకుని చేసిన సర్వేలకు విలువ. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం పెద్దవాళ్లలో దాదాపు 18 శాతానికి, 2020లో వచ్చిన మరొకటి దాదాపు 21 శాతానికి కిడ్నీ జబ్బుందని తేల్చాయి. ఏడాదిలో జబ్బు మూడు శాతం పెరిగిందని చదువుకుంటే పొరపాటు. ఎంచుకున్న ఊళ్లు వేరు, మనుషులు వేరు.

ఇంకో చిక్కు. సోంపేట, టెక్కలి, పలాసల్లో డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. రోగులు ఎక్కువకాలం బతికితే ఊళ్లో ఉన్న రోగుల సంఖ్య పెరుగుతుంది. అది మంచి వార్త, పత్రిక శీర్షికలో మాత్రం చెడ్డ వార్తలా కనబడుతుంది. కొత్తగా ఎందరు జబ్బుపడుతున్నారో తెలియాలంటే ఇవాళ బాగున్నవాళ్లనే ఏళ్ల తరబడి వెంటాడి పరీక్షించాలి. ఖరీదైన, ఓపికతో కూడిన పని.

హిరమండలం జలాశయం నీటిని ఉద్దానానికి తెచ్చిన 700 కోట్ల పథకం ఫలితం తేలాలన్నా ఆ దారే. నీళ్లే కారణమని ఊరూరా అంటారు, కావచ్చు. కానీ ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరే ఎందుకు జబ్బుపడ్డారు? శ్రీలంక వరిపొలాల్లో, నికరాగ్వా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎండలో ఒళ్లు వంచే పని మీదా అనుమానముంది. మా కొబ్బరి చెట్లెక్కేవాళ్లకూ ఎండ తక్కువేం కాదు.

ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. సర్వేవాళ్లు ఇంటికొచ్చారా అని అడిగాను. వచ్చారట, తనకు రక్తం తీశారట. మరి మీ ఆయనకు?

"ఆయన చెన్నైలో పనికెళ్లాడు కదా బాబూ. ఇంట్లో లేడని రాసుకున్నారు."