ఇంట్లోనే మడత పుస్తకం: పుటల కూర్పు

పల్నాడులోని కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీటిని రోజుకొక పుట చొప్పున చిన్న పుస్తకంగా తేవాలనుకోండి. ముఖపుట, పరిచయం, అయిదు రోజులు, వెనుక అట్ట కలిపి 8 పుటలు. పది ప్రతుల కోసం ప్రెస్సుకు వెళ్లనక్కరలేదు; ప్రతికి రెండు ఎ4 కాగితాలు చాలు.

ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే 148 × 210 మి.మీ. కొలతతో నాలుగు పుటలు వస్తాయి. కాబట్టి మొత్తం పుటలు నాలుగుతో భాగింపబడాలి. చాలకపోతే ఖాళీ పుటలు చేర్చాలి.

చదివే వరుస వేరు, అచ్చు వరుస వేరు. పక్కపక్కన అచ్చయ్యే రెండు పుటల అంకెలు కలిపితే, మొత్తం పుటల కంటే ఒకటి ఎక్కువ రావాలి. ఇక్కడ అది 9.

మొదటి కాగితం: ముందు 8–1, వెనుక 2–7.
రెండో కాగితం: ముందు 6–3, వెనుక 4–5.

అంటే 6వ పుటలోని కోడిపోరు 3వ పుటలోని రాచగావు పక్కన అచ్చవుతుంది. మొదటి కాగితంలో రెండోది ఉంచి మడిస్తే అన్నీ వరుసలోకి వస్తాయి. ఈ కూర్పు తప్పితే పోరు ముగిశాక రాయబారం నడిచినట్లవుతుంది!

ఈ లెక్క వర్డ్ ప్రాసెసరే చూసుకుంటుంది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ప్రింట్ చేసేటప్పుడు ‘బ్రోషర్’ను, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పేజ్ సెటప్‌లోని ‘బుక్ ఫోల్డ్’ను ఎంచుకోండి. రెండు వైపులా అచ్చు వేసేటప్పుడు కాగితం పొట్టి అంచు మీదుగా తిరగాలి. లేకుంటే వెనుక పుటలు తలకిందులవుతాయి. ముందు ఒక్క ప్రతి తీసి, మడిచి, సరిచూడండి. ఆ తర్వాతే మిగిలినవి తీసి, మడత మీద పిన్నులు కొట్టండి.

అభ్యాసం: 12 పుటల పుస్తకంలో 5వ పుట పక్కన ఏ పుట అచ్చవుతుంది?