హార్మోను కబురు కణితి చెవిన పడితే

ఒక ఊళ్లో వంద ఇళ్లున్నాయనుకోండి. ఆకాశవాణి ప్రసారం ఆ వంద ఇళ్లకూ చేరుతూనే ఉంటుంది. కాని వార్తలు వినపడేది రేడియో ఉన్న ఇంట్లోనే. రేడియో లేని ఇంటికి ఆ తరంగాలు వచ్చినా రానట్లే గదా!

మన శరీరంలో హార్మోన్ల సంగతీ ఇంతే. వినాళ గ్రంథులు తయారుచేసిన హార్మోను రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతుంది. కాని దాని మాట వినే కణాలు కొన్నే. ఆ హార్మోనును పట్టుకోగల ప్రత్యేకమైన ప్రోటీన్లు ఆ కణాల్లో ఉంటాయి. వాటినే గ్రాహకాలు అంటారు. కణానికి అవే రేడియోలు.

1950ల చివర చికాగో విశ్వవిద్యాలయంలో ఎల్‌వుడ్ జెన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి దారి చూపే చక్కటి ప్రయోగం చేశాడు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనుకు ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, చేర్చి ఎలుకలకు ఇచ్చాడు. కండరాల్లోకి వెళ్లిన హార్మోను త్వరగానే బయటికి పోయింది. గర్భాశయంలోకి వెళ్లినది మాత్రం చాలాసేపు అక్కడే నిలిచిపోయింది. అంటే గర్భాశయ కణాల్లో దాన్ని పట్టి ఉంచేదేదో ఉన్నదన్నమాట! అదే ఈస్ట్రోజెన్ గ్రాహకం. హార్మోనుతో కలిసిన గ్రాహకం కేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను అంటుకొని కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది.

మరి ఇలాంటి గ్రాహకాలు తలలో పుట్టిన కణితిలో ఉంటే?

మెదడును మూడు పొరలు కప్పి ఉంచుతాయని మీరు చదువుకున్నారు. పైది వరాశిక, నడిమిది లౌతికళ, లోపలిది మృద్వి. లూత అంటే సాలెపురుగు. సాలెగూడులా సన్నగా అల్లుకొని ఉంటుంది కాబట్టి నడిమి పొరకు ఆ పేరు వచ్చింది. ఈ పొర కణాల నుంచి పుట్టే కణితికి 1922లో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ ‘మెనింజియోమా’ అని పేరు పెట్టాడు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సరు కాదు, మెల్లగా పెరుగుతాయి. అయితే పుర్రె గట్టి పెట్టె. లోపల చోటు తక్కువ. అందుచేత నెమ్మదిగా పెరిగినా కణితి మెదడునూ, ఒక్కొక్కప్పుడు కంటి నరాన్నీ నొక్కుతుంది.

ఈ కణితి విషయంలో వైద్యులకు రెండు సంగతులు వింతగా తోచాయి. ఇది పురుషులకన్నా స్త్రీలలో సుమారు రెండు రెట్లు ఎక్కువ. పైగా కొందరు స్త్రీలకు గర్భంతో ఉన్నప్పుడు చూపు మందగించి, కాన్పు తరువాత మెరుగయ్యేది. గర్భకాలంలో రక్తంలో బాగా పెరిగే హార్మోను ప్రొజెస్టెరాన్. కణితి దాని మాట వింటున్నదా?

1979లో ఈ కణితుల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్నట్లు ప్రకటించారు. తరువాతి పరిశోధనల్లో అవి కొద్ది కణితుల్లోనే, అదీ కొంచెంగానే ఉంటాయనీ, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు మాత్రం పదింటిలో సుమారు ఏడింటిలో ఉంటాయనీ తేలింది. పురుషుల కణితుల్లో కూడా ఇవి కనబడ్డాయి!

ఇక వైద్యం సులువే అనిపిస్తుంది, కాదూ? గ్రాహకాన్ని మూసివేస్తే సరి! ఆ పని చేసే మందు మిఫెప్రిస్టోన్. కొద్దిమందిపై చేసిన తొలి పరీక్షలు ఆశ కలిగించాయి. కాని అమెరికాలో 164 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు మందు, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు జట్లకూ తేడా లేదు. ఇంట్లో రేడియో ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు రేడియో చెప్పినట్లే నడుస్తున్నదని అనుకోరాదు గదా!

అయితే కథ అక్కడితో ఆగలేదు. సైప్రోటెరోన్ అనే మందు ప్రొజెస్టెరాన్‌లా పనిచేస్తుంది. ఫ్రాన్సులో దీన్ని వాడిన స్త్రీలను సుమారు 2,50,000 మందిని పరిశీలించి, 2021లో లెక్కలు ప్రకటించారు. ఆపరేషను గాని, రేడియేషను చికిత్స గాని అవసరమైన మెనింజియోమాలు, మందును కొద్దిగా వాడి మానేసిన వారిలో ఏడాదికి లక్షకు 4.5 ఉంటే, ఎక్కువ మోతాదు వాడిన వారిలో 23.8 ఉన్నాయి. మందు మానితే చాలామందిలో కణితి పెరగడం ఆగింది. కొందరిలో చిన్నదైంది కూడా. కత్తి పెట్టే అవసరమే తప్పింది! ఐరోపాలో 2020లోనే ఈ మందు వాడకానికి కట్టుబాట్లు విధించారు.

ఈ అంకెలు చూసి బెదిరిపోకండి. ఎక్కువ మోతాదు వాడినవారిలో కూడా ఏడాదికి లక్షలో 99,976 మందికి అలాంటి కణితి రాలేదు. తలనొప్పి వచ్చినప్పుడల్లా కణితి అనుకోనక్కరలేదు. కాని డాక్టరును అడగకుండా హార్మోను మందులు మొదలుపెట్టడం గాని, మానడం గాని తగదు.

‘గ్రాహకం ఉంది’ అనేది ఒక పరిశీలన. ‘దాన్ని మూస్తే కణితి తగ్గుతుంది’ అనేది ఒక ఊహ. ఎంత ముచ్చటైన ఊహ అయినా పరీక్షకు నిలబడాలి. కొందరికి మందు ఇవ్వడం కన్నా, వాడుతున్న మందు మాన్పించడమే వైద్యమైందంటే, ఆ సంగతి ఓపికగా లెక్కలు కట్టినవారి వల్లనే తెలిసింది.