రోజూ ఉండేదే కదా... ఫొటో ఎందుకంటారా?

మీ ఇంట్లో ఆల్బమ్ ఒకసారి తీసి చూడండి. పెళ్లి, పుట్టువెంట్రుకలు, తిరుపతి ప్రయాణం, గృహప్రవేశం... ఏ పేజీ తిప్పినా పట్టుచీరలు, పూలదండలు. మరి పొద్దున్నే వాకిట్లో సాన్పు చల్లుతున్న అమ్మ ఫొటో ఉందా? పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తున్న నాయనమ్మది? మొదటి షిఫ్టుకు పోయే మనిషికి చీకట్లోనే లేచి సద్ది కడుతున్న వదినది? ఎంత వెతికినా కనిపించదు. రోజంతా ఏ పనిలో గడిపామో ఆ పనే మన ఆల్బమ్‌లో లేదు!

ఒకప్పుడంటే దానికో కారణం ఉండేది. రీలు కొంటే 36 ఫొటోలు. కడిగించడానికో ఖర్చు, ప్రింటు వేయించడానికో ఖర్చు. అంట్లు తోముతున్న మనిషి మీద ఒక ఫొటో ఖర్చు పెట్టడమంటే ‘దండగ’ అనేవాళ్లు. ఇప్పుడు ఇంటికి రెండు మూడు సెల్‌ఫోన్లున్నాయి. ఎన్ని తీసినా పైసా ఖర్చు లేదు. అయినా మనం తీసేవి మళ్లీ ఆ పండుగలే, ఆ పెళ్లిళ్లే. కెమెరా ఎదురుగా కనిపిస్తే చాలు, ‘ఆగాగు, చీర మార్చుకుని వస్తా’ అంటాం.

పనిలో ఉన్న మనిషి అందం

చీర మార్చుకోని మనిషిలోనే అందం ఉందని నమ్మిన వాళ్లు మన దగ్గరా లేకపోలేదు. వరంగల్‌కు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ పేరు చాలామంది వినే ఉంటారు. చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. 2022లో కన్నుమూశారు. తెలంగాణ పల్లెల్ని, అక్కడి ఇళ్లను, బతుకమ్మను, పనిపాటల్లో ఉన్న ఆడవాళ్లను ఆయన దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో గొప్పవాళ్లు ఉండరు. మన ఇంటి వెనక గల్లీలో కనిపించే మనుషులే ఉంటారు. అవి చూస్తుంటే ‘అరె, మా అమ్మమ్మ ఇట్లనే కూచునేది’ అనిపిస్తుంది. మట్టిగోడల ఇళ్లు కనుమరుగయ్యాక, ఆ గోడలు ఎట్లా ఉండేవో చెప్పడానికి ఇలాంటి ఫొటోలే మిగులుతాయి.

అక్కడా ఒక ముగ్గు ఉంది

ఇంగ్లండు అనగానే మనకు రాణీగారి కోట, లండన్ గడియారం గుర్తొస్తాయి. కానీ ఆ దేశపు ఉత్తర భాగం వేరు. బొగ్గు గనులు, బట్టల మిల్లులు, ఓడల కార్ఖానాలు. ఇటుకలతో వరసగా ఒకదానికొకటి ఆనుకుని కట్టిన చిన్న చిన్న ఇళ్లు. ఒక్కమాటలో చెప్పాలంటే, మన గోదావరిఖని కార్మికవాడలకు దూరపు చుట్టాలు.

మాంచెస్టర్ పక్కనే సాల్ఫర్డ్ అనే ఊరుంది. షర్లీ బేకర్ (1932-2014) పుట్టింది ఆ ఊళ్లోనే. 1960లలో పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టే పథకం వచ్చి, వీధులకు వీధులే ఖాళీ అవుతుంటే, ఆమె కెమెరా పట్టుకుని ఆ వీధుల్లో తిరిగారు. గుమ్మం మీద కూర్చుని కబుర్లాడే ఆడవాళ్లు, వీధికి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసిన బట్టలు, సగం కూలిన గోడ పక్కన ఆడుకునే పిల్లలు... ఆమె తీసినవి ఇవే.

ఆ వీధుల ఆడవాళ్లకు ఒక అలవాటుండేది. ఇంటి గుమ్మం రాయిని రోజూ కడిగి, ఒక రకం మెత్తటి రాయితో అంచులు రుద్ది, తెల్లగానో పసుపుగానో మెరిసేలా చేసేవారు. గుమ్మం మాసి ఉంటే ఇల్లాలికి నామర్దా. ఆ రుద్దే రాయిని పాత బట్టలు తీసుకుని బదులుగా ఇచ్చే బండివాడు తెచ్చేవాడట! పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే మన ఆమె గుర్తు రావడం లేదూ? వాకిట్లో ముగ్గుకు, ఆ గుమ్మం రాయికి ఎంత దగ్గర పోలికో చూడండి.

న్యూకాజిల్ నగరంలోని బైకర్ అనే పేటది మరో కథ. ఫిన్లండ్ నుంచి వచ్చిన సిర్కా లీసా కొంటినెన్ అనే ఆమె 1969లో న్యూకాజిల్ చేరి, ఆ పేటలోనే ఇల్లు తీసుకుని ఉండిపోయారు. ఇరుగుపొరుగును వాళ్ల ఇళ్లలోనే ఫొటోలు తీశారు. చివరికి ఆమె ఉన్న ఇంటిని కూడా కూల్చేశారు. ఆ ఫొటోలు 1983లో ‘బైకర్’ పేరుతో పుస్తకమయ్యాయి. పేట పోయింది, పుస్తకం ఉంది.

మన బొగ్గు గడ్డ మీద

ఇక మన సంగతికొద్దాం. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గుందని 1871లో విలియం కింగ్ కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. గనుల ఫొటోలు, యంత్రాల ఫొటోలు, ప్రారంభోత్సవాల ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి నీళ్లు కాచి పెట్టిన చేతుల ఫొటో మాత్రం దొరకదు. మసి పట్టిన బట్టల్ని బండకేసి బాదిన చేతులవి! నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు పడుకుంటే, పిల్లల్ని ‘చప్పుడు చేయకుండ్రి’ అని వాకిట్లోకి తోలిన తల్లి ఏ ఫొటోలో ఉంది?

పైగా మన దగ్గర ఊరనేది నిలకడగా ఉండేది కాదు. ఓపెన్ కాస్టు గనుల కోసం ఊళ్లు లేచిపోయాయి. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఊళ్లు మునిగాయి. నష్టపరిహారం గురించి మాట్లాడుకుంటాం, మాట్లాడాల్సిందే. కానీ చేదబావి గట్టు, వేపచెట్టు కింది అరుగు, బతుకమ్మ ఆడిన జాగా, వీటికి లెక్క కట్టే కాగితం లేదు.

అట్లా ఊరు విడిచి వచ్చిన ఒక పెద్దావిడ నాకు తెలుసు. పాత ఇంటి ఫొటో ఉందా అవ్వా అని అడిగితే, ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం తీసింది. కొలతల కోసం వచ్చినవాళ్లు తీసిన ఫొటో అది. ‘‘చూడు బిడ్డా, ఇల్లున్నది. గోడ మీద నంబరున్నది. నేను లేను’’ అంది. నలభై ఏళ్లు ఆ ఇంటిని అలికి, పూసి, ముగ్గులేసిన మనిషి! ఆ వాకిట్లో ఆమె నిలబడి ఉన్న ఫొటో ఒక్కటి లేదు.

ఫొటోయే సాక్ష్యం

ఇంగ్లండులో ఆడవాళ్లు భూగర్భ గనుల్లో దిగకూడదని 1842లో చట్టం చేశారు. అయినా విగన్ వంటి ఊళ్లలో గని పైన బొగ్గు జల్లించి, రాళ్లు ఏరే పని ఆడవాళ్లే చేశారు. ఆర్థర్ మన్బీ అనే ఆయన ఆ పనిబట్టల్లో ఉన్న ఆడవాళ్ల ఫొటోలు సేకరించి పెట్టారు. అవి ఇప్పటికీ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. ఆ ఆడవాళ్లు ఎట్లా పనిచేశారో మునిమనవరాళ్లు కళ్లారా చూడగలుగుతున్నారు. మన దేశంలో 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి రానివ్వలేదు. 2019లో కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచారు. టోపీ, లైటు పెట్టుకుని గనిలోకి దిగే మన ఆడపిల్లల ఫొటోలైనా పోగొట్టుకోకుండా దాచుకుందాం.

తీసేటప్పుడు...

ఇందుకు పెద్ద కెమెరా అక్కర్లేదు. నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

ముందు అడగండి. ఇంట్లోవాళ్లనైనా సరే. ‘నల్లగున్నం, చీర మంచిగ లేదు, మా ఫొటో ఎందుకక్కా’ అంటారు. ఎందుకో నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ వద్దంటే వదిలేయండి.

నిలబెట్టకండి. చేసే పని చేయనివ్వండి. తలుపులోంచి, కిటికీలోంచి వచ్చే వెలుతురు మొహం మీద పడితే లైట్లు అక్కర్లేదు.

మనిషితో పాటు చుట్టూ ఉన్నదీ రానివ్వండి. పొయ్యి, ఉట్టి, గోడకు తగిలించిన చాట, బొగ్గు మసి. ఇవాళ చెత్తలా కనిపించేదే రేపు అపురూపం.

అన్నిటికన్నా ముఖ్యం, ఫోనులోనే వదిలేయకండి. ఫోను పాడైతే అన్నీ పోతాయి. నెలకు రెండైనా స్టూడియోలో ప్రింటు తీయించి, వెనకాల పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. పేరు లేని ఫొటో రెండు తరాల తర్వాత ఎవరిదో తెలియని ఫొటో అవుతుంది.

ఇంకొక్క మాట. ఇంట్లో ఫొటోలు తీసేది మీరే అయితే, ఏ ఫొటోలోనూ మీరుండరు. అందుకే ఒకరోజు ఫోను మీ అమ్మాయి చేతికో, అబ్బాయి చేతికో ఇచ్చి, మీ పనిలో మీరుండండి. జుట్టు చెదిరినా, కొంగు తడిసినా ఫరవాలేదు. మీరెట్లా బతికారో మీ మనవరాలు చూసేది ఆ ఫొటోలోనే.